పాలిచ్చే తల్లి పంప్‌తో పాలు తీయడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న (పుత్తూరు నుంచి)

నమస్కారం. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. పాపకు ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. పాప రొమ్ము బాగానే పట్టుకుంటోంది, పాలు కూడా సరిపడా పడ్డాయని అమ్మ అంటోంది. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. 26 వారాల సెలవులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకున్నందువల్ల, పాపకు నాలుగు నెలలు దాటగానే డ్యూటీలో చేరాలి. తోటి ఉద్యోగిని ఒకరు తాను వాడిన ఎలక్ట్రిక్ పంప్ ఇచ్చి, ఇప్పటినుంచే రోజూ తీసి ఫ్రీజర్‌లో దాచుకోమంటున్నారు. ఇప్పుడే తీస్తే పాపకు పాలు మిగలవని మా అత్తమ్మ భయపడుతున్నారు. నిన్న పాప తాగి పడుకున్నాక పంప్ పెట్టి చూస్తే సీసా అడుగు తడిసేటన్ని మాత్రమే వచ్చాయి. ఎప్పుడు మొదలుపెట్టడం మంచిదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు నుంచి, నవజాత శిశువుల వార్డులో నర్సు)

అమ్మా, పాప మీ దగ్గరే ఉండి నేరుగా రొమ్ము తాగుతున్నప్పుడు ఈ మూడో వారంలో పంప్ అవసరం లేదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అన్ని పాలు మళ్ళీ ఊరుతాయి. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో బిడ్డ ఆకలిని బట్టి శరీరం ఆ లెక్క కుదుర్చుకుంటుంది. ఆ లెక్క కుదరకముందే, పాప తాగేవి కాక పైన మళ్ళీ తీస్తూ పోతే కవలలకు సరిపడా పాలు ఊరి, రొమ్ములు బిగిసిపోయి, పాపకు పట్టు దొరక్క ఏడుస్తుంది. అలా రొమ్ము వాచి, ఎర్రబడి, జ్వరంతో వచ్చే బాలింతలను మా వార్డులో చూస్తూనే ఉంటాను. అత్తమ్మగారు అనుకున్నట్టు తీస్తే పాలు తగ్గవు, పెరుగుతాయి. కానీ ఆగమన్న ఆమె సలహా మాత్రం సరైనదే.

తల్లీబిడ్డా వేరుగా ఉండవలసి వచ్చినప్పుడు సంగతి పూర్తిగా వేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనో, రొమ్ము పట్టలేని బిడ్డనో ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగంలో) ఉంచితే, కాన్పైన ఆరు గంటల లోపే తల్లి చేత పాలు పిండించడం మొదలుపెడతాం; రాత్రితో కలిపి రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకూడదు. అప్పుడు వచ్చే చెంచాడు ముర్రుపాలు పంప్ గోడలకే అంటుకుపోతాయి కాబట్టి చెయ్యే మేలు. బొటనవేలు, చూపుడువేలు నల్లని వలయం అంచున ఉంచి, ముందు ఛాతీ వైపుకు నొక్కి, తర్వాత రెండు వేళ్ళనూ దగ్గరికి తెచ్చి వదలాలి. వేళ్ళు చర్మం మీద జారకూడదు. ఇది మీరూ నేర్చుకోండి. రొమ్ము బిగిసినప్పుడు మెత్తబడేంత వరకు మాత్రమే పిండి, వెంటనే పాపకు పట్టించండి.

సీసా అడుగు తడిసిందని దిగులు పడకండి. పాప కడుపునిండా తాగిన తర్వాత అంతే వస్తాయి. పైగా బిడ్డ నోటికి చేపుకు వచ్చినట్టు యంత్రానికి రావు. రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

జవాబు (తిరుపతి నుంచి, ఉద్యోగం చేస్తున్న తల్లి)

చెల్లెమ్మా, డ్యూటీలో చేరడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే చాలు. తెల్లవారుజామున పాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి పాప తాగిన తర్వాత ఆ వేళలో ఒకసారి తీయండి. ఫ్రీజర్ నింపాలన్న ఆందోళన నాకు అనవసరం అనిపిస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులకు సరిపడా ఉంటే, ఆపైన ఈ రోజు పనిచోట తీసినవి రేపు పాపకు పనికొస్తాయి. పైగా కరెంటు పోయి ఫ్రీజర్‌లో కరిగిన పాలను మళ్ళీ గడ్డకట్టించకూడదు.

తీసిన పాలు బయట నాలుగు గంటలు ఆగుతాయని అందరూ చెబుతారు, కానీ ఆ మాట 25 డిగ్రీల వేడికి చెప్పినది. ఎండాకాలంలో 40 దాటే మన తిరుపతిలో దానిని నమ్ముకోకూడదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లోనో, ఐస్ ప్యాక్‌లు పెట్టిన డబ్బాలోనో ఉంచాలి. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి వైపు పెడితే నాలుగు రోజులు ఉంటాయి. పట్టేటప్పుడు పొయ్యి మీద కాచవద్దు, గిన్నెను వేడినీళ్ళలో ఉంచితే సరిపోతుంది. సీసా కంటే ఉగ్గుగిన్నెతో పట్టడం అమ్మమ్మకు ఇప్పటినుంచే అలవాటైతే మంచిది. గిన్నెను శుభ్రం చేయడం తేలిక, పాప రొమ్మును వదిలిపెట్టే భయమూ తక్కువ.

ఆ పాత పంప్ మాత్రం వాడవద్దు. ఒక్కరి కోసమే చేసిన పంపుల్లో పాల తడి గొట్టం గుండా మోటారు దాకా చేరే వీలుంది, అక్కడ కడగడం సాధ్యం కాదు.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ ఒక్క సంగతి చేరుస్తున్నాను. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాల సెలవుతో పాటు, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే కేంద్రం) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చని కూడా నిబంధన వచ్చింది. బిడ్డకు 15 నెలలు నిండే వరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. మీ ఫ్యాక్టరీలో క్రెష్ ఉందేమో, పాలు తీసుకోవడానికి తలుపు వేసుకునే గది, దగ్గరలో ఫ్రిజ్ ఇస్తారేమో, చేరడానికి నెల ముందే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా రాసి అడగండి. క్రెష్ ఉండి, పాపను వెంట తీసుకెళ్ళగలిగితే మీకు పంప్‌తో పెద్దగా పని ఉండదు.