తాతగారి మెడల్ మీద 880 అని ఉంది, ఏమిటది?

ఆమదాలవలస అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మ వాళ్ల నాన్నగారు విజయనగరం మహారాజా కాలేజీలో చదివారు. మొన్న ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే రూపాయి బిళ్లంత మెడల్ ఒకటి దొరికింది, ఒకవైపు కాలేజీ పేరు, రెండోవైపు 880 వై, 1942 అని చెక్కి ఉంది. మీటర్లయితే 800 ఉండాలి కదా! తాతగారు వారాలు చేసుకుని చదివానని చెప్పేవారు గానీ పరుగు మాట ఎప్పుడూ ఎత్తలేదు. అప్పట్లో చదువు, ఆటలు రెండూ ఎలా నడిపేవారో తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లెక్చరర్, విజయనగరం:
అమ్మా, అది 880 గజాలు. మైలుకి 1760 గజాలు కాబట్టి సరిగ్గా అరమైలు, ఇప్పటి లెక్కలో 805 మీటర్లకి కాస్త తక్కువ. మీటర్ల కొలత మనకి చట్టప్రకారం వచ్చింది 1956 చట్టం తర్వాతే, అంతకుముందు పందేలు ఎక్కువగా 100, 220, 440, 880 గజాలూ మైలూ. గడ్డినేల మీద సున్నంతో గీతలు గీసేవారు, చాలామందికి బూట్లు ఉండేవి కావు. చదువంటారా, ఇంటర్ రెండేళ్లు, ఆపైన బీఏ రెండేళ్లు, పాఠాలు ఇంగ్లీషులోనే. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది అది, ముందు మద్రాసు యూనివర్సిటీ కింద, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేది. గురజాడవారు బీఏ ప్యాసైంది ఇక్కడే. తండ్రి పోయాక ఆయన్ని ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రిగారు తన ఇంట్లోనే పెట్టుకుని అన్నం పెట్టారు.

చీపురుపల్లి నుంచి:
వారాలంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు ఇళ్లు కుదుర్చుకోవాలి. మా నాన్నగారికి గురువారం ఇల్లు కుదరక, ఆ రోజు అటుకులు నానబెట్టుకుని తినేవారట. అలాంటి తిండి మీద అరమైలు పరుగెత్తి మెడల్ కొట్టారంటే మీ తాతగారికి దణ్ణం పెట్టాలండి.

తాలింఖానా కుర్రాడు:
మన వైపు ఒంటి సాము ఎప్పుడూ చదువుకి దూరం కాదు. వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడుగారు మద్రాసు సైదాపేటలో ఏడాది శిక్షణ తీసుకుని, విజయనగరంలో తను చదివిన హైస్కూల్లోనే వ్యాయామం నేర్పారు, గుండెకి చుట్టిన ఇనుప గొలుసు తెంపిన కలియుగ భీముడు ముందు బడి మాస్టారే! ఒక్కమాట, ఆ మెడల్‌ని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి ఉంచండి.

ఆమదాలవలస అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. మీ మాటలు చదివాక పెట్టె మళ్లీ తీశాను. అడుగున తాతగారి లాజిక్ నోట్సు ఉంది, ముందంతా ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలు, వెనక పేజీల్లో మాత్రం తెలుగులో తేదీలు, పక్కన "అయ్యకోనేరు 4 చుట్లు" అని, ఎన్ని నిమిషాలు పట్టిందో. ఏ రోజూ వదల్లేదు. 1942 ఏప్రిల్ 6 ఎదురుగా మాత్రం చుట్లు లేవు, "విశాఖలో బాంబులు" అని రాసుంది. ఏడో తేదీన మళ్లీ 4 చుట్లు.