సోడియం బ్యాటరీలు వస్తున్న తరుణంలో లిథియంలో దీర్ఘకాలిక మదుపు సమంజసమేనా?

కొత్త_మదుపరి:
2022 నవంబరులో చైనా మార్కెట్లో బ్యాటరీల తయారీకి లిథియం అమ్ముడయ్యే రూపమైన లిథియం కార్బొనేట్ టన్ను దాదాపు 6 లక్షల యువాన్లు పలికింది. 2025 మధ్యకల్లా అదే టన్ను సుమారు 60 వేలకు దిగివచ్చింది. ఈలోగా విద్యుత్ వాహనాల అమ్మకాలు తగ్గలేదు సరికదా, ఏటికేడు పెరిగాయి. గిరాకీ పెరుగుతుండగానే ధర పదో వంతుకు పడిపోయిన లోహంలో, అందులోనూ సోడియం గుమ్మం ముందుకు వచ్చి నిలిచిన వేళ, పదేళ్ల దృష్టితో డబ్బు పెట్టడం వివేకం కాదని నా అభిప్రాయం. కారణాలు చూపి ఎవరైనా ఖండిస్తే సంతోషిస్తాను.

సెల్_ఇంజనీరు:
ధరలు మీరు చెప్పినట్లే ఉన్నాయి గానీ, ఆ పతనానికి సోడియంను బాధ్యురాలిగా చూపడం సరికాదు. 2021, 2022లలో పలికిన ధరలు చూసి ఆస్ట్రేలియాలో స్పోడుమీన్ అనే లిథియం ఖనిజం గనులు, చైనాలోని జియాంగ్షీలో లెపిడోలైట్ అనే మరో లిథియం ఖనిజం గనులు, ఆఫ్రికాలో కొత్త గనులు పోటీపడి విస్తరించాయి. అవన్నీ ఉత్పత్తికి వచ్చేసరికి కొనేవారికంటే సరుకు ఎక్కువైంది.

సోడియం బలాలను తక్కువ చేయనక్కర్లేదు. ముడిపదార్థానికి కొరత లేదు, రుణధ్రువం వైపు రాగి రేకుకు బదులు అల్యూమినియం రేకు సరిపోతుంది, గడ్డకట్టే చలిలోనూ అది చక్కగా పనిచేస్తుంది. అయితే సోడియం పరమాణువు లిథియం కంటే మూడు రెట్లకు పైగా బరువు, వోల్టేజీ కొంత తక్కువ, పైగా లిథియం బ్యాటరీల రుణధ్రువంలో వాడే గ్రాఫైట్‌లో అది ఇమడదు కనుక హార్డ్ కార్బన్ అనే మరో రకం కర్బనం వాడవలసి వస్తుంది. చైనా బ్యాటరీ సంస్థ సీఏటీఎల్ 2021లో ప్రకటించిన సోడియం సెల్ కిలోకు 160 వాట్ అవర్లు నిల్వ చేస్తే, 2025 ఏప్రిల్‌లో ప్రకటించినది 175. నాలుగేళ్లలో వచ్చిన తేడా అంతే.

ఇక అసలు లెక్కకు వద్దాం. ధనధ్రువంలో ఇనుము వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో కిలోవాట్ అవర్‌కు ఉజ్జాయింపుగా 600 గ్రాముల లిథియం కార్బొనేట్ పడుతుంది. అంటే 60 కిలోవాట్ అవర్ల కారు బ్యాటరీకి 36 కిలోలు. టన్ను 6 లక్షలున్నప్పుడు ఆ 36 కిలోల ఖరీదు 21,600 యువాన్లు. 60 వేలున్నప్పుడు 2,160. మొదటి స్థితిలో సోడియం కర్మాగారం కట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు. కారుకు రెండు వేలు మిగిలే చోట, బరువైన బ్యాటరీ కోసం ఎవరు తొందరపడతారు? సోడియం సెల్‌ను కూడా ప్రకటించిన స్వీడన్‌లోని నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది, సోడియం మీదే ఆధారపడిన అమెరికా సంస్థ నాట్రాన్ అదే ఏడాది సెప్టెంబరులో మూతపడింది. వాటి కష్టాలకు వేరే కారణాలూ ఉన్నాయి, కానీ చవక లిథియం వాటికి ఊపిరాడనివ్వలేదనే నా నమ్మకం. లిథియం ధర మళ్లీ పెరిగితే సోడియం లేచి నిలబడుతుంది. అందువల్ల 2022 నాటి ధర ఏళ్ల తరబడి నిలవదు, గిరాకీ మాత్రం తుడిచిపెట్టుకుపోదు.

పాత_మదుపరి:
ఇంజనీరు గారి రసాయన వివరణతో నాకు పేచీ లేదు. అయితే గిరాకీ పెరిగినంత మాత్రాన వాటాదారుడి చేతికి లాభం రాదు. సౌర ఫలకాలకు మూలమైన పాలీసిలికాన్ 2008లో కిలో 400 డాలర్లు దాటింది. ఫలకాల వాడకం ఎన్నో రెట్లు పెరిగిన తర్వాత, 2012 చివరికి అది 20 డాలర్ల లోపుకు వచ్చింది. 2018 తొలి సగంలో టన్నుకు 90 వేల డాలర్లు దాటిన మరో బ్యాటరీ లోహం కోబాల్ట్ మరుసటి ఏడాది మధ్యకల్లా 30 వేల చేరువకు పడింది. తర్వాత కోబాల్ట్ అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు మార్కెట్‌ను ఆక్రమించాయి. లిథియంకు ఆ గతి పట్టదని ఎలా అనగలరు?

సెల్_ఇంజనీరు:
కోబాల్ట్‌తో పోలిక నాకు నప్పదు. కోబాల్ట్ ధనధ్రువంలోని ఒక దినుసు మాత్రమే, దాన్ని తీసి ఇనుము పెట్టవచ్చు. ధ్రువాల మధ్య విద్యుదావేశాన్ని మోసేది లిథియం అయాన్. నికెల్ వాడినా, ఇనుము వాడినా, రేపు లోపలి ద్రవానికి బదులు ఘన పదార్థం వాడే ఘన స్థితి బ్యాటరీ వచ్చినా అది ఉండాల్సిందే; ఘన స్థితిలో రుణధ్రువంగా లిథియం లోహాన్నే వాడితే ఇంకా ఎక్కువ పడుతుంది. పాలీసిలికాన్ పోలికను మాత్రం ఒప్పుకుంటున్నాను. అందుకే ఉత్పత్తి ఖర్చు ఎక్కడ తక్కువో చూడమంటాను. ఆస్ట్రేలియాలోని ఫినిస్ గని 2024 జనవరిలో తవ్వకం ఆపవలసి వచ్చింది. చిలీలోని అటకామాలో లిథియం తీసే ఉప్పునీటి మడుగులు, ఆస్ట్రేలియాలోనే ఉన్న గ్రీన్‌బుషెస్ గని అదే గడ్డుకాలాన్ని తట్టుకున్నాయి.

పాత_మదుపరి:
ఖర్చు తక్కువైన చోట ప్రభుత్వం వాటా అడుగుతుందని మరిచిపోకండి. చిలీ 2023 ఏప్రిల్‌లో జాతీయ లిథియం విధానం ప్రకటించింది. అటకామాలో ఎస్‌క్యూఎం కంపెనీ 2030 తర్వాత కొనసాగడానికి ప్రభుత్వ రంగ సంస్థ కోడెల్కోతో భాగస్వామ్యానికి ఒప్పుకోవలసి వచ్చింది. తవ్వేది తక్కువ ఖర్చుతోనే అయినా, మిగులులో వాటాదారుడికి ఎంత దక్కుతుందన్నది ఆ ఒప్పందం తేలుస్తుంది.

కొత్త_మదుపరి:
సోడియం గురించి నా భయం తగ్గిందని ఒప్పుకోవాలి. ఇకమీదట నేను చూసేది, టన్ను 60 వేల యువాన్లున్న నెలల్లో కూడా ఏ కంపెనీ చేతికి నగదు వచ్చింది, ఆ కంపెనీ గనికి లైసెన్సు ఎన్నేళ్లు మిగిలి ఉంది అన్నది. ఈ రెండో అంశం చిన్నదేమీ కాదు: చైనాలో సీఏటీఎల్‌కు చెందిన యీచున్ లిథియం గని లైసెన్సు గడువు తీరి 2025 ఆగస్టులో ఆగిపోగానే లిథియం ధర ఎగిరింది.