ఈ వారం సమస్య: ఐదు నాఱు నేడు నన్ని నిజమె

నిర్వాహకుడు:
ఈ వారానికి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. మొదటి మూడు పాదాలూ మీరు రాసి, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి.

*ఐదు నాఱు నేడు నన్ని నిజమె*

ఐదును, ఆఱును, ఏడును, అన్ని – అని పదవిభాగం. ఐదు సూర్యగణాలు. ఐ–అ స్వరయతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ అచ్చుల మైత్రి). విషయం భూగోళం: ఖండాలు, దేశాలు, జాతులు, వాటిని ఎవరెలా లెక్కపెడతారు, ఏమని పిలుస్తారు. పాండవులు ఐదు, ఋతువులు ఆరు, వారాలు ఏడు అని చెప్పి తప్పించుకోవద్దని ముందే మనవి. అలాంటివి నేనే పది రాసి చింపేశాను.

తాతయ్య పద్యాలు:
బోణీ నాది.

బడిని బట్టి లెక్క, బాలుర కదె శ్రుతి
ఐదు మెక్సికోకు, నాఱు రష్య
కేడు లండనునకు, నెవరిది తప్పగు?
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

కాకినాడ మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి. మొదటి పాదం చివర 'శ్రుతి' తర్వాత రెండో పాదం 'ఐదు' అని అచ్చుతో మొదలైంది. 'యైదు' అంటే విసంధి పోతుంది, యతికీ ఇబ్బంది లేదు. 'రష్య / కేడు' అని పాదం దాటించడం నాకు నచ్చింది, చదువరి ఒక్క క్షణం రష్యకే ఏడు ఇచ్చేస్తాడు. కానీ బాబాయ్‌గారూ, మీరు లెక్క అప్పజెప్పారే తప్ప సమస్యను విప్పలేదు. మూడూ ఎలా నిజమయ్యాయో పద్యం చెప్పాలి. ఫలానా ఊళ్ళో ఫలానా అంకె అంటే అది పట్టిక.

తాతయ్య పద్యాలు:
అయితే ఇదీ చూడండి మాస్టారూ.

ఐదు వలయములను హారముగాఁ గూర్చి
యాటలాడ జగము నంతఁ బిలువ
బడిని నేడు చదివి వచ్చె నా మనుమడు
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

కాకినాడ మాస్టారు:
భావం బాగుంది. తాత టీవీలో ఒలింపిక్ జెండా చూస్తున్నాడు, మనవడు బడి నుంచి ఏడు ఖండాలు వల్లించుకుంటూ వచ్చాడు. చిక్కల్లా మూడో పాదంలో. బడిన్ + ఏడు = బడినేడు అవుతుంది. మీరు 'బడిని నేడు' అన్నారు కనుక అక్కడ 'ఈ రోజు' అన్న అర్థమే మిగిలి, ఏడు ఖండాలు ఎగిరిపోయాయి. 'బడుల నేడు చదివి' అనండి. బడులన్ + ఏడు కనుక సంధి కుదురుతుంది, 'ఈ రోజు' అన్న శ్లేష కూడా నిలుస్తుంది.

నిర్వాహకుడు:
ఆ వలయాలను, ఈనాటి ఒలింపిక్స్‌కు ఆద్యుడైన కూబెర్తాన్ 1913లో గీశాడు. జెండా ఆటల్లో ఎగిరింది 1920లో, ఆంట్‌వెర్ప్‌లో. ఐదంటే ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా, అమెరికా. రెండు అమెరికాలకూ కలిపి ఒకటే వలయం! అంటార్కిటికాలో ఆటగాళ్ళు లేరు కనుక దానికి వలయం లేదు.

కొత్త కలం:
నమస్కారం. ఛందస్సు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

భూమి ఒకటె కాని ఖండాలు ఎన్నియో
గీత గీయువాని చేతి లెక్క
యూరలందు గీత యొకడు గీసెను గదా
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

కాకినాడ మాస్టారు:
అమ్మా / బాబూ (ఎవరో తెలియలేదు), మొదటి పాదంలో గణాలు సరే, యతి తప్పింది. 'భూ'కు నాలుగో గణం మొదట 'ఖం' కుదరదు. 'ఖండాలు ఎన్నియో' విసంధి కూడా. ఇలా మార్చవచ్చు:

భూమి యొకటె కాని ముక్కలు పెక్కులు

భూ–ము ముకారయతి. రెండో పాదంలో మీకు తెలిసి పడిందో తెలియక పడిందో గానీ గీత–చేతి ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చక్కగా కుదిరింది. మూడో పాదం మీ పద్యానికి ప్రాణం. ఆ 'ఒకడు' ఎవరో వచనంలోనైనా చెప్పండి, అందరికీ తెలియదు.

కొత్త కలం:
ధన్యవాదాలండీ, అబ్బాయినే. ఆయన స్ట్రాలెన్‌బర్గ్, స్వీడన్ సైనికాధికారి. పోల్టావా యుద్ధంలో రష్యాకు పట్టుబడి, సైబీరియాలో ఏళ్ళ తరబడి ప్రవాసముండి, 1730లో అచ్చువేసిన పుస్తకంలో ఐరోపా–ఆసియా సరిహద్దును యూరల్ కొండల మీదుగా లాగాడు. అంతకుముందు గ్రీకుల కాలం నుంచి డాన్ నది హద్దు అనేవారు. రష్యా పండితుడు తతీష్చెవ్ 'ఆ గీత నా ఆలోచనే' అన్నాడట. ఖైదీ గీసినా పండితుడు గీసినా, అక్కడ సముద్రమైతే లేదు.

హ్యూస్టన్ అత్త:
మా ఆఫీసులో ఒక చిలీ కుర్రాడున్నాడు. 'మీ అమెరికన్లు' అని నేనంటే 'నేనూ అమెరికన్‌నే కదా, నువ్వనేది యునైటెడ్ స్టేట్స్ వాళ్ళనా?' అంటాడు. స్పానిష్‌లో వాళ్ళకు వేరే మాటే ఉంది, 'ఎస్తదోయునిదెన్సె' అని. పలకడానికి నాకు వారం పట్టింది.

మాది యమెరికాయె, మీది యమెరికయే
యనును చిలియవాఁడె యల్ల నవ్వి;
ఖండ మొకటి వాని గణనలో, రెండిట;
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

కాకినాడ మాస్టారు:
మాది–మీది ప్రాసయతి. మొదటి పాదంలో 'అమెరికా' ఒకసారి దీర్ఘంతో, 'అమెరిక' ఒకసారి హ్రస్వంతో వచ్చాయి. ఒక్క పాదంలోనే అమెరికాను రెండు ముక్కలు చేశారు తల్లీ, గణం కోసమే చేసినా సార్థకమైంది. 'అల్ల నవ్వి' ముద్దుగా ఉంది. ఐదుకూ ఏడుకూ దారి చూపారు. ఆరు మాత్రం అనాథగా మిగిలింది.

హ్యూస్టన్ అత్త:
ఆరు సంగతి రష్యాలో చదువుకున్నవాళ్ళు చూసుకోవాలి మాస్టారూ. స్పానిష్ అకాడమీ వాళ్ళు కూడా 2005 నాటి సందేహాల నిఘంటువులో 'అమెరికనో' అన్న మాటను యునైటెడ్ స్టేట్స్ వాళ్ళకు మాత్రమే వాడొద్దనే చెప్పారు. మా కుర్రాడు అకాడమీ పక్షమే.

మాస్కో డాక్టరు:
నన్నే పిలిచినట్టుంది. మెడిసిన్ అక్కడే చదివాను. హాస్టల్లో రూమ్మేటు తమ్ముడి భూగోళం పుస్తకం తిరగేస్తే తల తిరిగింది. వాళ్ళకు ఆరు రెండు రకాలు. 'మాతెరిక్' అంటే నీటి మధ్య ఉన్న పెద్ద భూభాగం: యురేషియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా. 'చాస్త్ స్వేత' అంటే ప్రపంచంలో ఒక భాగం: ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా. ఒక ఆరులో ఐరోపా–ఆసియా కలిసి, అమెరికాలు విడిపోతాయి. ఇంకో ఆరులో అమెరికాలు కలిసి, ఐరోపా–ఆసియా విడిపోతాయి. అంకె ఒకటే, లోపలి సరుకు వేరు. మాస్టారు పట్టిక వద్దన్నారు కాబట్టి, ముడి విప్పే ప్రయత్నం:

రెండు జంట లుండె, రెంటిని గలిపిన
నైదు, నొకటి కలుప నాఱు నిలుచు,
విడిచి చూడ నేడు, వింతేమి యిందున?
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

కాకినాడ మాస్టారు:
అద్దీ! పూరణ అంటే ఇది. ఐరోపా–ఆసియా ఒక జంట, ఉత్తర–దక్షిణ అమెరికాలు ఒక జంట. రెండూ కలిపితే ఐదు, ఏ ఒక్క జంట కలిపినా ఆరు, ఏదీ కలపకపోతే ఏడు. మూడు అంకెలూ ఒక్క సూత్రం మీద వచ్చాయి. ఒక్క ఊరి పేరు లేదు, ఒక్క వ్యర్థపదం లేదు. మూడో పాదంలో 'వింతేమి' కాస్త పాదపూరణమేమో అనుకున్నాను గానీ, సమస్యను వెక్కిరిస్తున్నట్టుంది కనుక ఉండనివ్వండి.

తాతయ్య పద్యాలు:
చిన్న పేచీ. డాక్టరు గారి ఐదులో అంటార్కిటికా ఉంది. నా ఒలింపిక్ ఐదులోనూ మెక్సికో ఐదులోనూ అది లేదు, ఐరోపా–ఆసియా విడిగా ఉన్నాయి. అంటే ఐదులు కూడా రెండు!

మాస్కో డాక్టరు:
ఒప్పుకుంటున్నాను తాతగారూ. ఆఫ్రికాను కూడా యురేషియాకు కలిపేసి నాలుగే అనేవాళ్ళూ ఉన్నారు. సూయజ్ కాలువ మనుషులు తవ్వినదే కదా అని వాళ్ళ వాదన. నాలుగు సమస్యలో లేదు కనుక బతికిపోయాను.

కొత్త కలం:
మన పురాణాల్లో సప్తద్వీపాలు ఉన్నాయి కదా. జంబూద్వీపం, ప్లక్షం, శాల్మలం... ఏడుకు అది వాడవచ్చా?

కాకినాడ మాస్టారు:
వాడండి, కానీ అవీ ఇవీ ఒకటే అనకండి. ఆ ద్వీపాలు మేరువు చుట్టూ వలయాలుగా, మధ్యలో ఉప్పునీరు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళ సముద్రాలతో ఉంటాయి. సంకల్పంలో రోజూ 'జంబూద్వీపే భరతవర్షే భరతఖండే' అంటాం. అందులో ఖండం చివరకొచ్చే చిన్న ముక్క. బడి పుస్తకంలో అదే ఖండం పెద్దదై కూర్చుంది.

కొరంగి మనవడు:
ఖండాలు చాలు, జాతుల పేర్లకు వస్తాను. మా తాత రంగూన్ రేవులో మూటలు మోశాడు. అక్కడ తెలుగువాళ్ళందరినీ 'కొరంగీ' అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడెక్కారు కనుక. తుపానులకు, ముఖ్యంగా 1839 నాటి దానికి, ఆ రేవు దెబ్బతింది. పేరు మాత్రం బర్మాలో బతికింది.

తెలుగువాని కెన్ని తెఱగుల పేరులో!
వడుగ డండ్రు తమిళవారు, బర్మ
జనుల కౌఁ గొరంగి, సరి క్లింగు మలయకు
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

లెక్క కావాలంటే: వడుగ, కొరంగి, క్లింగు, ఉత్తరాది సిపాయిల భాషలో తిలంగా, మద్రాసు దొరల నోట జెంటూ. ఐదు. దిల్లీలో మద్రాసీ, ఆరు. ముంబైలో ఆంధ్రావాలా, ఏడు.

హ్యూస్టన్ అత్త:
ఏడూ ఒక్క మనిషికే! చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాకినాడ మాస్టారు:
డాక్టరు గారి పద్యం తెలివైనది, ఇది బరువైనది. నా ఓటు దీనికి. జ–స యతి, 'బర్మ / జనుల' పాదోల్లంఘన, అన్నీ సాఫీగా ఉన్నాయి. 'వడుగు' అంటే మనకు ఉపనయనం, తమిళులకు 'వడక్కు' ఉత్తరం. వడుగర్ అంటే ఉత్తరాది వాళ్ళు. కళింగం నుంచి వచ్చిన 'క్లింగు' మలేషియాలో ఈనాడు తిట్టుగా వినిపిస్తుంది, దక్షిణాది వాళ్ళందరి మీదా వాడారు. పద్యంలో 'సరి' అన్న మాట ఆ గాయాన్ని తేలిక చేసినట్టుంది, అదొక్కటీ ఆలోచించండి.

కొరంగి మనవడు:
'సరి' అన్నది విసుగుతోనే మాస్టారూ. 'సరే, అదీ అనుకో' అన్నట్టు. కొరంగీ కూడా తియ్యటి పిలుపేం కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నారు. ఆ గొడవల్లో చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. అందుకే మార్చను.

బందరు లడ్డు:
ఏడుపెందుకు, మనం మాత్రం తక్కువ తిన్నామా?

పేరు మార్చ మనము వెనుకాడు వారమా?
బుడతకీచు లైరి పోర్చుగీసు
వారు, డచ్చివారు వచ్చి వలందులు
ఐదు నాఱు నేడు నన్ని నిజమె

మా బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు.

కాకినాడ మాస్టారు:
పద్యానికి నూరు మార్కులు, పూరణకు సున్న. మూడు పాదాలూ నాలుగో పాదం ముఖం చూడలేదు. ఏవి ఐదు, ఏవి ఏడు? లడ్డూ ఉంది, పొట్లం లేదు. 'వచ్చి వలందులు' దగ్గర యతిని మాత్రం గడుసుగా నెట్టుకొచ్చారు, 'వలందు' ఇంద్రగణం మొదట ఇమడదని తెలిసి 'వచ్చి'ని ముందు తెచ్చారు.

బందరు లడ్డు:
పొట్లం వచ్చే వారం తెస్తాను.

నిర్వాహకుడు:
తెచ్చేందుకు ఇదిగో, వచ్చే వారం సమస్య. తేటగీతి పాదం:

*ఆసియావాఁడు గాఁడట యాసియనుఁడు*

లీసెస్టర్ కోడలు:
ఇది నా కోసమే ఇచ్చారా? ఇక్కడ 'ఏషియన్ షాపు' అంటే పప్పులు, అప్పడాలు, కరివేపాకు. న్యూజెర్సీలో మా అక్క 'ఏషియన్ షాపు' అంటే సోయాసాసు, నూడుల్సు.

లండనున నాకు బిరుదైన లాంఛనమ్ము
కడలి దాటంగ న్యూయార్కు గడప లోన
చీనవారికే చెల్లునా చెప్పుడయ్య!
ఆసియావాఁడు గాఁడట యాసియనుఁడు

హ్యూస్టన్ అత్త:
చెల్లదమ్మా, ఇక్కడి జనాభా లెక్కల్లో 1980 నుంచి మనకు 'ఏషియన్ ఇండియన్' అని గడి ఉంది. ఉత్త 'ఇండియన్' అంటే కొలంబస్ పొరపాటున పేరు పెట్టిన ఇక్కడి ఆదివాసులనుకుంటారని. కాగితం మీద ఏషియన్లమే, వీధిలో మాత్రం నీ పద్యమే కరెక్టు.

కాకినాడ మాస్టారు:
వారం మొదలవకముందే పూరణా! మొదటి పాదంలో లం–లాం, రెండులో క–గ, మూడులో చీ–చె, అన్నీ కుదిరాయి. 'లాంఛనమ్ము' దేనికి అన్వయమో రెండోసారి చదివితే గాని తెలియలేదు, అక్కడ ఒక కర్త కావాలి. సవరించి సోమవారం పెట్టండి.