ఎక్సెటర్ థియేటర్ రాయల్: 186 మంది చావుకు బాధ్యుడు ఫిప్సేనా?

నేలటికెట్టు: లండన్ సవాయ్ థియేటర్ గురించి రాసేవాళ్ళు దాని ఆర్కిటెక్ట్ సి.జె. ఫిప్స్‌ని తెగ పొగుడుతుంటారు. అదే మనిషి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో కట్టిన థియేటర్ రాయల్ సంగతి కూడా చెప్పుకోవాలి కదా. 1886 అక్టోబరులో తెరిచారు. ఏడాది తిరక్కుండానే, 1887 సెప్టెంబరు 5 రాత్రి నాటకం నడుస్తుండగా వేదిక మీద గ్యాస్ మంట తెరలకు అంటుకుని 186 మంది పోయారు. ఎక్కువమంది గ్యాలరీ జనమే. మన పాత టాకీసుల్లో చవక టికెట్టంటే నేల, అక్కడ అందరికన్నా పైన ఉండే గ్యాలరీ. అంతమందీ కిందికి దిగడానికి ఒక్కటే దారి! తప్పు ఫిప్స్‌దే అంటాను.

గోదారిగట్టు: అంత తేలిగ్గా ఒక్కడి మీదికి తోసేస్తే ఎలాగండీ? ఆ భవనానికి లైసెన్సు ఇచ్చింది స్థానిక మేజిస్ట్రేట్లు. వాళ్ళు కాదంటే ఒక్క ఆట కూడా పడేది కాదు. పైగా ఆ రోజుల్లో ఊరూరా థియేటర్లన్నీ గ్యాస్ దీపాలతోనే నడిచేవి.

నేలటికెట్టు: గ్యాస్ తప్ప దారి లేదని ఫిప్స్ అనుకోవడానికి వీల్లేదు. 1881లో ఆయన కట్టిన సవాయ్ పూర్తిగా కరెంటు దీపాలతోనే వెలిగింది. అది చూసిన మనిషి ఐదేళ్ళ తర్వాత ఎక్సెటర్‌లో గ్యాస్ పెట్టించాడు. దుర్ఘటన తర్వాత కూడా ఆయనకు పని తగ్గలేదు, 1888లో లండన్‌లో లిరిక్ థియేటర్, 1897లో హర్ మెజెస్టీస్ థియేటర్ ఆయన కట్టినవే. నాకు కోపం తెప్పించేది ఇదే.

పాతభవనాలు: నేను కొన్నాళ్ళు ఎక్సెటర్‌లో ఉన్నాను. పోయినవాళ్ళలో చాలామందిని హయ్యర్ సెమెటరీలో పాతిపెట్టారు, శిల్పి హ్యారీ హెమ్స్ చెక్కిన స్మారకం అక్కడే ఉంది. దాని ముందు నిలబడితే గొంతు పట్టేస్తుంది. థియేటర్ కాలిపోయిన చోటే 1889లో మళ్ళీ కట్టినదానికి నటుడు హెన్రీ ఇర్వింగ్ ముందుకు తెచ్చిన 'సేఫ్టీ థియేటర్' ప్లాను వాడారు. 1962లో దాన్నీ కూల్చేశారు.

గోదారిగట్టు: సవాయ్‌కి కరెంటు ఆ థియేటర్ యజమాని డోయ్లీ కార్ట్ డబ్బుతో వచ్చిందండీ, ఎక్సెటర్‌లో అంత ఖర్చు పెట్టేవాళ్ళు ఉండాలిగా. దీపాల విషయంలో నా మాట మీదే ఉంటాను. మెట్ల విషయం వేరు. గ్యాలరీకి ఎన్ని దారులుండాలో గీసేది ఆర్కిటెక్టే, అక్కడ ఫిప్స్‌ని వెనకేసుకురాలేను. అయితే ఆ ఒక్క దారిని చూసి కూడా సంతకం పెట్టిన మేజిస్ట్రేట్లని మీరూ వదిలెయ్యకండి.