అప్‌డేట్: నా మొహం మీదవి మొటిమలు కాదంట, రోజేషియా

మూడు నెలల కింద అడిగాను కదా, బుగ్గలు ముక్కు మీద మంట, చిన్న చిన్న పొక్కులు, మొటిమల క్రీమ్ ఏది రాసినా ఇంకా ఎక్కువవుతోంది ఏం చెయ్యాలి అని. స్కిన్ డాక్టర్‌కి చూపించాను, రోజేషియా అన్నారు, అంటే మొహం ఎర్రబడి, వేడెక్కి, పొక్కులొచ్చే చర్మ సమస్య. మొటిమలైతే మధ్యమధ్యలో బ్లాక్‌హెడ్స్ (చిన్న నల్ల చుక్కలు) కనబడతాయి, మీకు ఒక్కటి కూడా లేదు చూడండి అని అద్దం ఇచ్చి చూపించారు, నిజంగానే లేవు. నాది చామనఛాయ, ఎరుపు పెద్దగా కనబడదు, వేడిగా చురచురలాడటమే తెలిసేది, అందుకే ఇన్నాళ్లు పట్టుకోలేకపోయాం.

మధ్యలో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీమ్ రాశాను, వాడినన్నాళ్లు తగ్గినట్టే ఉంది, మానేయగానే రెట్టింపు అయి కూర్చుంది. దయచేసి మొహానికి అది సొంతంగా రాయకండి.

ఇప్పుడు డాక్టర్ రాసిచ్చిన 1% ఐవర్‌మెక్టిన్ క్రీమ్ రాత్రికి, పగలు జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, సబ్బు పూర్తిగా మానేసి వాసన లేని క్లెన్సర్. మొదటి నెల ఏ తేడా లేదు, ఏడుపొచ్చింది, ఎనిమిదో వారం దాటాక పొక్కులు ఎండిపోవడం మొదలైంది. మొహం వేడెక్కడం మాత్రం ఇంకా ఉంది, ఎప్పుడొస్తోందో రాసుకుంటే ఎండ, పొగలు కక్కే టీ, వేడినీళ్ల స్నానం తేలాయి. టీ చల్లార్చుకుని తాగుతున్నాను.

ఇంకోటి, కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడితే అది కూడా చెప్పండి డాక్టర్‌కి, రోజేషియా కళ్లకీ వస్తుందంట. నేను అది చెప్పనేలేదు, ఆయనే అడిగారు.