సిగ్నల్ దగ్గర చూపు లేనివాళ్లు రోడ్డు ఎలా దాటుతున్నారు? మీ అనుభవాలు చెప్పండి

గట్టుమీద నడక:
అందరికీ నమస్కారం. మాది భీమవరం పక్కన పల్లెటూరు. నాలుగేళ్ల కిందట రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పూర్తిగా పోయింది. కాలువ గట్టు మీద ఎంత దూరమైనా ఒక్కడినే నడుస్తాను, కర్ర చివర గడ్డి తగిలితే అంచుకి వచ్చానని తెలిసిపోతుంది. బాధంతా టౌన్లో సిగ్నల్ దగ్గరే. సిగ్నల్ లేని రోజుల్లో బళ్లన్నీ మెల్లగా తోసుకుంటూ వెళ్లేవి, కర్ర చాపి దిగితే ఎవరో ఒకరు ఆగేవారు. ఇప్పుడు గ్రీన్ పడినవాళ్లు ఎవరికోసమూ ఆగరు. పోయిన మంగళవారం ఎదురుగా బళ్ల చప్పుడు ఆగింది కదా అని దిగాను. రెండడుగులు వేశానో లేదో, నా వెనకనుంచి ఎడమకి తిరుగుతూ ఒక బ్యాటరీ ఆటో కర్ర చివర మీదుగా ఎక్కేసింది. ఇంజన్ చప్పుడు లేదు, హారన్ లేదు. పిడి నా చేతిలో గిర్రున తిరిగి కింది ముక్క జాయింట్ దగ్గర విరిగిపోయింది. దెబ్బ తగల్లేదు కానీ అప్పటినుంచి సిగ్నల్ అంటేనే టెన్షన్. మీరంతా ఎలా దాటుతున్నారో కాస్త విడమరిచి చెప్పండి.

కాకినాడ శ్రోత:
కర్ర పోతే పోయింది, మీరు బాగున్నారు. నాకు పుట్టుకతోనే చూపు లేదు, ఇరవై ఏళ్లుగా భానుగుడి సెంటర్ మీదుగా ఉద్యోగానికి వెళ్తున్నాను. మీరు విన్నది ఆగిన చప్పుడు, దాన్ని నమ్మి దిగకూడదండీ. బళ్లు ఆగడానికి వంద కారణాలుంటాయి, ముందు లారీ ఇరుక్కుని ఉండొచ్చు, గేదెలు అడ్డొచ్చి ఉండొచ్చు. మనం వినాల్సింది కదిలిన చప్పుడు.

మీరు రోడ్డుకి ఎడమపక్కన నడుస్తూ వచ్చి అడ్డరోడ్డు దాటాలనుకోండి. మీ కుడిపక్కన, మీరు వెళ్లే వైపే ముఖం పెట్టుకుని బళ్లు ఆగి ఉంటాయి. వాటికి గ్రీన్ పడగానే మొదటి వరసలో బైకులు ఒక్కసారిగా గేరు వేసి ముందుకి దూకుతాయి. ఆ చప్పుడు మీ కుడి భుజం వెనకనుంచి మొదలై మీ పక్కనుంచే తిన్నగా సాగిపోతే అడ్డరోడ్డుకి రెడ్ పడినట్టు. అప్పుడు దిగాలి. చప్పుడు వంకర తిరిగి పక్కకి పోతే అది బాణం గుర్తు పడినవాళ్లది, మనది కాదు. మధ్యలో విన్న గ్రీన్‌ని ఎప్పుడూ వాడుకోవద్దు, ఎంత మిగిలిందో మనకి తెలియదు, అంకెలు తగ్గుతూ కనిపించే టైమర్ చూపున్నవాళ్లకే పనికొస్తుంది. ఒక రౌండ్ మొత్తం నిలబడి వినండి, తర్వాతి రౌండ్ మొదట్లో కదలండి. ఆలస్యమైతే అవనివ్వండి.

ఇంకో మాట. రోడ్డు మొదటి సగంలో ప్రమాదం మీ వెనకనుంచి ఎడమకి తిరిగే బండితో, ఎదురునుంచి కుడికి తిరిగే బండితో. రెండో సగంలో మీ ఎడమనుంచి ఫ్రీ లెఫ్ట్ అంటూ జారుకొచ్చే బండితో. అందుకే నేను డివైడర్ ఉన్నచోట కర్ర ఆనించి ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎడమ చెవి పెడతాను.

వానపల్లి వాన:
వర్షం పడుతున్నప్పుడు కూడా ఇలాగే వినిపిస్తుందా అండీ? మా అమ్మకి చూపు తక్కువ.

కాకినాడ శ్రోత:
వినపడదండీ. తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు అంతా ఒకటే ముద్దగా ఉంటుంది, దూరం తెలియదు. గొడుగు మీద చినుకుల మోత ఇంకా పాడు చేస్తుంది. వానలో నేను ఒక్కడినే దాటను, ఎవరినైనా అడుగుతాను. పక్కన జనరేటర్ ఆడుతున్నా, ఊరేగింపు మైకు మోగుతున్నా అంతే.

రాజమండ్రి చెల్లి:
అడగడం గురించి నేను చెప్తాను. డిగ్రీ రెండో సంవత్సరం, కోటిపల్లి బస్టాండ్ దగ్గర రోజూ దాటాలి. సాయం చేసేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు, చెయ్యడమే తెలియదు. కర్ర ఉన్న చెయ్యే పట్టుకుని లాగేస్తారు, కొందరు వెనకనుంచి తోస్తారు. నాకు ముందు మెట్టుందో గుంటుందో తెలియకుండా పోతుంది. అందుకే ఎవరైనా దగ్గరికి రాగానే నేనే ముందు చెప్పేస్తాను, "అన్నయ్యా, మీ మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను" అని. వాళ్లు అరడుగు ముందు నడుస్తారు, నేను వాళ్ల మోచేతి కదలికని బట్టి దిగుతాను. అవతలికి చేరాక "ఎక్కేశామమ్మా" అనకుండా వదిలేసి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, ఒకసారి డివైడర్ మీదే వదిలేశారు. దయచేసి చూపున్నవాళ్లు కూడా ఇది చదవండి.

రావులపాలెం ఆటో:
ఆయ్, నేను బ్యాటరీ ఆటో నడుపుతానండి. పై మెసేజ్ చదివి మనసు బాలేదు. ఉన్నమాట చెప్తాను, ఎడమకి తిరిగేటప్పుడు మా కళ్లు కుడిపక్కే ఉంటాయండి, అటునుంచి వచ్చే బైకు ఎక్కడ గుద్దేస్తుందోనని. ఎడమ పక్క దిగిన మనిషిని చూసేసరికి దగ్గరికి వచ్చేస్తాం. మీ కర్ర కిందికే ఉంటుంది, బురదకి తెలుపు మాసిపోతుంది, సాయంత్రం అస్సలు కనపడదు. లారీల వెనక అంటించే మెరిసే టేపు ఒక ముక్క కర్రకి చుట్టండి, లైటు పడగానే మాకు తెలుస్తుంది. దిగేముందు ఒకసారి కర్ర పైకెత్తి చూపించండి. మా స్టాండులోవాళ్లకి తిరిగేచోట హారన్ కొట్టి మెల్లగా తిరగమని నేనే చెప్తాను.

సివిల్ వాడిని:
మనుషుల మంచితనం మీదే ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? 1995 వికలాంగుల చట్టం 45వ సెక్షన్లోనే ఎర్రలైట్ల దగ్గర శబ్దం వచ్చే ఏర్పాటు, జీబ్రా గీతల మీద తడిమితే తెలిసే గాట్లు ఉండాలని రాశారు, ఖర్చు భరించే స్తోమతను బట్టి అనే మెలికతో. తర్వాత 2016 చట్టం కూడా రోడ్లు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. బయటి దేశాల్లో సిగ్నల్ స్తంభం సెకనుకి ఒకసారి టిక్కుమంటుంది, అది రోడ్డు దాటేవాళ్లు నొక్కే బటన్ ఎక్కడుందో చెప్పడానికి. దాటే సమయం రాగానే టిక్కులు గబగబా వస్తాయి, బటన్ మీది బాణం వేలికింద వణుకుతుంది. చుట్టూ మోత పెరిగితే దాని గొంతూ పెరుగుతుంది. బ్రిటన్లో అయితే బటన్ డబ్బా అడుగున చిన్న శంకువు ఉంటుంది, పచ్చ మనిషి బొమ్మ వెలిగినప్పుడు అది తిరుగుతుంది. చెవులు కూడా వినపడనివాళ్లకి అదే ఆధారం.

మన దగ్గర పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే మూల రెండు స్తంభాలు పక్కపక్కన పెడితే ఏ రోడ్డుకి టిక్కు వచ్చిందో తెలియక ఇంకా ప్రమాదం, కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. సమయం కూడా చూసుకోవాలి. మామూలుగా సెకనుకి 1.2 మీటర్ల నడకతో లెక్కేస్తారు, అంటే 12 మీటర్ల రోడ్డుకి 10 సెకన్లు. మనం విని, సరిచూసుకుని దిగేసరికే రెండు మూడు సెకన్లు పోతాయి. అర్జీ రాసేవాళ్లు ఆ సెకన్లు కూడా అడగండి.

రాజమండ్రి చెల్లి:
అర్జీ ఇచ్చాం అండీ, పోయినేడాది, ఎక్కడో చెప్పను. పసుపు టైల్స్ వేశారు. బొడిపెలున్న టైల్ ఆగమని, పొడుగు గీతలున్నది నడవమని కదా, రెండూ కలిపి నేల నిండా పరిచేశారు, తిన్నగా కరెంటు స్తంభానికే దారి తీస్తాయి. వేసేటప్పుడు మనలో ఒకరిని పిలిచి నడిపించి చూడాలని కూడా రాయండి.

గట్టుమీద నడక:
అందరికీ దండాలు. ఆదివారం పొద్దున్నే మా బావని తీసుకుని అదే సిగ్నల్‌కి వెళ్లాను. మొదట మూడు రౌండ్లు ఊరికే నిలబడి విన్నాను. నిజమే, బైకులు దూకే చప్పుడు కుడి చెవి పక్కనుంచి గీత గీసినట్టు వెళ్తోంది, ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు. రెండుసార్లు బావ మోచెయ్యి పట్టుకుని దాటాను. మూడోసారి ఆయన్ని మాట్లాడకుండా వెనక నడవమన్నాను. మధ్యలో ఎడమనుంచి ఒక స్కూటీ వచ్చింది, డివైడర్ దగ్గర ఆగి ఉన్నాను కాబట్టి ముందే వినపడింది. అవతల అరుగు కర్రకి టక్కున తగిలేవరకూ ఆయన నోరు తెరవలేదు. వచ్చే వారం సాయంత్రం రద్దీలో చూడాలి. ఆటో అన్నయ్య చెప్పిన మెరిసే టేపు భీమవరంలో ఏ కొట్టులో దొరుకుతుందో తెలిస్తే ఎవరైనా చెప్పండి.