విటిల్ ఇంజన్ నమూనా: బోర్డు మీద ఏం రాయాలి?

రెక్కల_పిచ్చి
అందరికీ నమస్కారం. ఇక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రదర్శన కోసం బ్రిటిష్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ చేసిన డబ్ల్యూ.1 జెట్ ఇంజన్‌కి నాలుగో వంతు సైజు నమూనా చేశాను. లోపలి భాగాలు కనపడేలా ఒక పక్క తెరిచి ఉంచాను. పైదంతా త్రీడీ ప్రింట్, గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం మాత్రం అల్యూమినియం. అసలు చక్రం 19 అంగుళాలు, నాది పావుతక్కువ ఐదు. లోపల చిన్న మోటారు ఉంది, స్విచ్ వేస్తే తిరుగుతుంది. గాలి దారి చూపడానికి ముందు నీలం, వెనక ఎరుపు లైట్లు వరసగా వెలుగుతాయి. బోర్డు మీద ‘ప్రపంచంలో తొలి జెట్ ఇంజన్’ అని రాయిద్దామనుకుంటున్నాను. సరేనా? సోమవారం ప్రింటుకి ఇవ్వాలి.

పాత_ఇంజన్
సరికాదు. విటిల్ చేసిన ఇంజన్లలోనే డబ్ల్యూ.1 మొదటిది కాదు. 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లోని రగ్బీ ఊళ్లో, బీటీహెచ్ అనే కంపెనీ ఫ్యాక్టరీలో నడిచింది ఆయన తొలి ఇంజన్ డబ్ల్యూయూ. ఆ రోజు ఇంధనం వాల్వు మూసేసినా ఇంజన్ ఆగకుండా ఇంకా స్పీడు అందుకుంది, చుట్టూ ఉన్నవాళ్లంతా పరుగో పరుగు. ముందే కారి లోపల చేరిన ఇంధనం మండింది మరి. డబ్ల్యూ.1 ఎగిరింది 1941 మే 15న, క్రాన్‌వెల్‌లో, గ్లాస్టర్ విమానంలో, 17 నిమిషాలు. కాబట్టి ‘గాలిలోకి లేచిన తొలి బ్రిటిష్ జెట్ ఇంజన్’ అని రాయండి.

నిమ్మసోడా
స్విచ్ వేస్తే తిరిగేదాన్ని మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్ అంటారండీ.

బాలానగర్_లేత్
చక్రం లేత్ మీద ఎవరు పట్టారు?

స్టుట్‌గార్ట్_బాబు
బ్రిటిష్ అని చేర్చినందుకు సంతోషం. జర్మనీలో హైంకెల్ 178 విమానం 1939 ఆగస్టు 27నే ఎగిరింది, ఇంజన్ హాన్స్ ఫాన్ ఓహైన్‌ది. ఆయన తొలి నమూనా గొట్టింగెన్‌లో ఒక కార్ల షెడ్డులో తయారైంది. చేసింది మాక్స్ హాన్ అనే మెకానిక్, డబ్బు ఓహైన్ సొంతం. అది సొంతంగా నడవలేదు, వెనక నుంచి మంటలు కక్కింది. అయినా దాన్ని నమ్ముకునే ఇద్దరూ హైంకెల్ కంపెనీకి వెళ్లారు.

పాత_ఇంజన్
అందుకే మధ్యలో ‘బ్రిటిష్’ పెట్టాను బాబూ. పేటెంటు సంగతి కూడా చెప్పండి మరి. విటిల్ దరఖాస్తు పెట్టింది 1930 జనవరిలో. 1935లో పొడిగించుకోవడానికి 5 పౌండ్ల ఫీజు కట్టాలి. ఆయన దగ్గర లేవు, ప్రభుత్వం కట్టనంది. పేటెంటు పోయింది.

రెక్కల_పిచ్చి
నిమ్మసోడా గారూ, ఫ్యాన్ అని తేలిగ్గా అనేశారు. మంటతో నడిపించడం ఎంత కష్టమో చెప్తాను. గాలిని అంతే గట్టిగా నొక్కాలంటే చక్రం అంచు వేగం పెద్దదానికెంతో చిన్నదానికీ అంతే ఉండాలి. అసలు ఇంజన్ నిమిషానికి 16,500 చుట్లు తిరిగితే నాది 66,000 తిరగాలి. ఇంధనం మండడానికి పట్టే సమయం మాత్రం నాలుగో వంతు అవ్వదు. మండే గది చిన్నదైంది, నిప్పు చిన్నదవ్వలేదు. సగం మండీ మండకుండానే టర్బైన్ (వేడి గాలి తిప్పే వెనక చక్రం) దాటి బయటికి పోతుంది.

నిమ్మసోడా
మరి జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ అనే ఆయన ప్లైవుడ్ కంప్రెసర్ చక్రంతో చిన్న జెట్ ఇంజన్ నడిపాడుగా. కష్టమంటే ఒప్పుకుంటా, కుదరదంటే ఒప్పుకోను.

రెక్కల_పిచ్చి
ఆయన తన సొంత డిజైన్ చేసుకున్నాడు, విటిల్‌ది కుదించలేదు. రెండిటికీ పోలికేంటి?

బాలానగర్_లేత్
మళ్లీ అడుగుతున్నా. ఆ అల్యూమినియం చక్రం ఎవరు పట్టారు?

రెక్కల_పిచ్చి
ఆటోనగర్‌లో ఒక షాపులో అన్నా. అడ్రస్ కావాలంటే మెసేజ్ పెడతాను. రేటు పర్వాలేదు.

పాత_ఇంజన్
మోటారు సంగతి వదిలేయండి, అసలు తప్పు లైట్లలో ఉంది. నీలం ముందు, ఎరుపు వెనక, తిన్నగా వెలుగుతున్నాయంటే అది విటిల్ ఇంజన్ కానే కాదు. డబ్ల్యూ.1లో చుట్టూ 10 దహన గదులు, అంటే ఇంధనం మండే గదులున్నాయి. గాలి బయటి గోడ వెంట వెనక్కి పోయి, అక్కడ మలుపు తిరిగి మంటలోంచి ముందుకొచ్చి, మళ్లీ తిరిగి టర్బైన్ మీద పడుతుంది. ఆ మెలిక వల్లే ఇరుసు పొట్టిగా ఉంది. పిల్లలు మీ లైట్లు చూసి గాలి గొట్టంలో నీళ్లలా పోతుందనుకుంటారు.

రెక్కల_పిచ్చి
అంత ఎవరు చూస్తారండీ? చూసేది ఇంటర్ పిల్లలు.

పాత_ఇంజన్
ఎవరూ చూడనప్పుడు చెయ్యడం దేనికి? గదులైనా 10 పెట్టారా?

రెక్కల_పిచ్చి
8. ప్రింటర్‌లో పట్టలేదు. ఆరు నెలల నిద్ర పోగొట్టుకుని చేశాను సార్. ఇక్కడ ఒక్కరైనా బాగుందన్నారా?

నిమ్మసోడా
8 రెక్కల ఫ్యాన్ అన్నమాట. బాగుంది.

బాలానగర్_లేత్
నాకు అడ్రస్ అక్కర్లేదు తమ్ముడూ. నలభై ఏళ్లుగా లేత్ మీదే ఉన్నా. పన్నెండేళ్ల కిందట ఒక కాలేజీవాళ్లు ఇలాంటి చక్రమే చేయించుకున్నారు. రెక్కల వంపు మిల్లింగ్‌లో రాలేదు, పదకొండు రోజులు కూర్చుని ఆకురాయితో నున్నగా చేశాను. రెండు దిమ్మలు పాడయ్యాయి, వాటి డబ్బు నేనే వేసుకున్నా. రిబ్బన్ కటింగ్ పేపర్లో చూశాను. బోర్డు మీద ప్రిన్సిపాల్ పేరుంది, హెచ్‌ఓడీ పేరుంది, నలుగురు పిల్లల పేర్లున్నాయి. మీరు పైన ‘నేను చేశాను’ అన్నారు. అందుకే అడిగాను, ఎవరు పట్టారని.

రెక్కల_పిచ్చి
బాధ అర్థమైంది అన్నా. కానీ బిల్లు కట్టాం కదా. డిజైన్ నాది. మేస్త్రి పేరు ఇంటి మీద రాసుకుంటామా?

స్టుట్‌గార్ట్_బాబు
మాక్స్ హాన్ పేరు నాకెలా తెలిసిందనుకుంటున్నారు? ఎవరో రాసిపెట్టబట్టే.

పాత_ఇంజన్
ఆలోచన వేరు, చేతిపని వేరు. విటిల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది అప్రెంటిస్ మెకానిక్‌గానే, ఆయనకి రెండూ తెలుసు. అయినా చరిత్రలో నిలిచింది ఆలోచన.

బాలానగర్_లేత్
ఆ డబ్ల్యూయూ బీటీహెచ్ ఫ్యాక్టరీలో నడిచిందని మీరే రాశారు. అక్కడ లేతుల ముందు నిలబడినవాళ్ల పేర్లలో ఒక్కటి చెప్పండి సార్, నేను నోరు మూసుకుంటాను.

పాత_ఇంజన్
చెప్పలేను.

నిమ్మసోడా
ఫ్యాన్ జోకులు వాపసు తీసుకుంటున్నా.

రెక్కల_పిచ్చి
ఇవాళ ఆటోనగర్ వెళ్లాను. ఆయన పేరు నాకు తెలియదని అక్కడికెళ్లాకే గుర్తొచ్చింది. ఆరు నెలలుగా ‘బాబాయ్’ అనే పిలుస్తున్నా. బోర్డు ఇలా మార్చాను: ‘గాలిలోకి లేచిన తొలి బ్రిటిష్ జెట్ ఇంజన్ డబ్ల్యూ.1, నాలుగో వంతు నమూనా. మోటారుతో తిరుగుతుంది. అసలులో 10 దహన గదులు, ఇందులో 8.’ కింద నా పేరు, దాని కింద ‘సహకారం’ అని ఆయన పేరు.

బాలానగర్_లేత్
సహకారం కాదు. ‘కంప్రెసర్ చక్రం తయారీ’ అని రాయి.

రెక్కల_పిచ్చి
సరే అన్నా. మార్చాను.

పాత_ఇంజన్
లైట్ల సంగతి ఏమైంది?